బత్తాయి తొక్క నుంచి మెదడు కణం దాకా: డిగ్రీ ప్రాజెక్టు ఎలా చేయాలి

ఆరో సెమిస్టర్ మొదలవగానే నా టేబుల్ మీదికి వచ్చే ప్రాజెక్టు కాగితాల్లో సగం ఒకే అచ్చులో ఉంటాయి. ఫలానా ఆకు సారంలో యాంటీఆక్సిడెంట్ గుణం ఉంది, కాబట్టి అది మెదడు కణాలను కాపాడుతుంది, కాబట్టి అల్జీమర్స్‌కు మందు కావచ్చు. ఇందులో మొదటి ముక్క చూపించడానికి నల్లగొండలో మా డిగ్రీ కాలేజీ లాబ్, ఒక మధ్యాహ్నం చాలు. రెండో ముక్కకు వేరే రకం ప్రయోగం కావాలి. మూడో ముక్క మన చేతిలో లేనే లేదు.

నేను కెమిస్ట్రీ చెప్తాను. బోటనీ వాళ్లతో కలిసి ఈ ప్రాజెక్టులు చేయిస్తుంటాను. ట్యూబులో రంగు పోగానే పిల్లలు పడే సంబరం చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ రిపోర్టులో రాయకూడని మాటలన్నీ ఆ సంబరంలోనే పడిపోతాయి. అందుకే తొక్క ఎండబెట్టే దగ్గర్నుంచి రిపోర్టు రాసే దాకా ఏం చేయాలో, ఎక్కడ ఆగాలో ఇక్కడ రాస్తున్నాను.

మెదడుకే ఎందుకింత ముప్పు

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతం. మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఆ ఆక్సిజన్‌లో కొద్ది భాగం మైటోకాండ్రియాలో దారి తప్పి సూపర్ఆక్సైడ్ అవుతుంది, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది. పెరాక్సైడ్‌కు ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో, పక్కనున్న దాన్ని చెడగొట్టే కణం. 1894లో హెన్రీ ఫెంటన్ ఇనుము, పెరాక్సైడ్ కలిపి గమనించిన చర్య ఇదే. ఇక న్యూరాన్ పొరల్లో డీహెచ్ఏ లాంటి, డబుల్ బాండ్లు ఎక్కువున్న కొవ్వులు ఉంటాయి. రాడికల్ వాటిని తాకిందంటే ఎండు గడ్డిలో నిప్పులా ఒక అణువు నుంచి పక్క అణువుకు పాకుతుంది. ఇంత ప్రమాదం ఉన్నచోట పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కాటలేజ్ ఎంజైమ్ పుష్కలంగా ఉండాలి కదా? కాలేయంతో పోలిస్తే మెదడులో అది చాలా తక్కువ. పైగా పోయిన న్యూరాన్ స్థానంలో కొత్తది రావడం అరుదు.

ఆక్సిజన్, ఇనుము, కొవ్వు, కాటలేజ్ కొరత. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. "మెదడు కణాలను కాపాడుతుంది" అని రాయాలంటే మీ ప్రయోగంలో వీటిలో కొన్నైనా ఉండాలి. అందరూ చేసే డీపీపీహెచ్ పరీక్షలో (ఆ పేరున్న ఊదా రసాయనం రంగును సారం ఎంత పోగొడుతుందో చూసేది) వీటిలో ఒక్కటీ ఉండదు.

ఏ మొక్క

పిల్లలకు నల్లమల మీద మోజు. అమ్రాబాద్ అడవిలోకి వెళ్లి ఎవరికీ తెలియని మొక్క తెస్తామంటారు. అది పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు. అక్కడి చెంచుల దగ్గర తెలుసుకున్న మందు మొక్కను వాళ్ల ఊసే లేకుండా మన పేరు మీద రాసుకోవడం ఇంకా తప్పు. డిగ్రీ ప్రాజెక్టుకు అంత దూరం పోనక్కర్లేదు.

నేను ఇప్పించేది బత్తాయి తొక్క. మన జిల్లా పంట, ఎండాకాలం క్లాక్ టవర్ సెంటర్లో జ్యూస్ బండ్ల పక్కన బస్తాలకు బస్తాలు పారేస్తారు. దీని రసాయనం మీద ప్రపంచమంతా పని జరిగింది కాబట్టి మీకు వచ్చింది సరైనదో కాదో పోల్చి చూసుకోవచ్చు. తొక్కలో హెస్పెరిడిన్ బాగా ఉంటుంది, నోబిలెటిన్ లాంటి మిథాక్సీ ఫ్లావనాయిడ్లు కొద్దిగా ఉంటాయి. వీటితో పాటు విటమిన్ సి, సిట్రిక్ ఆమ్లం, చక్కెరలు, నూనె కూడా ఉంటాయి. మనల్ని తిప్పలు పెట్టేవి ఈ రెండో జట్టువే, వాటి సంగతి ముందుంది.

బండి దగ్గర తెచ్చే కంటే తోట నుంచే తెచ్చుకోగలిగితే మేలు. గుర్రంపోడు, నిడమనూరు, హాలియా వైపు పిల్లలు మా క్లాసులో ఎప్పుడూ ఉంటారు. వాళ్లింట్లో అడిగితే ఏ మందు ఎప్పుడు కొట్టారో తెలుస్తుంది. ఇది చిన్న విషయం కాదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు నరాల మీదే పనిచేస్తాయి, ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. పురుగుమందు ఉన్న తొక్క సారంతో మెదడు కణాలను కాపాడతామనడం ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి. రకం, ఊరు, కోసిన తేదీ, చివరిసారి మందు కొట్టిన తేదీ నోట్‌బుక్‌లో మొదటి పేజీలోనే రాయాలి.

తొక్క వద్దు, ఆకే కావాలంటే మూడు జాగ్రత్తలు. బ్రాహ్మి పేరుతో సెంటెల్లా ఏషియాటికా అమ్ముతారు, బకోపా మోనియెరి కూడా అమ్ముతారు. రెండూ వేర్వేరు మొక్కలు. బోటనీ సార్‌తో గుర్తింపు చేయించి, హెర్బేరియం షీట్ (మొక్కను ఎండబెట్టి అంటించిన కాగితం) తయారుచేసి నంబరు వేయించండి. రెండోది, బకోపా నీళ్లలోని భారలోహాలను బాగా పీల్చుకుంటుంది. మూసీ కాలువ గట్టున పెరిగినది మాత్రం ముట్టుకోకండి. మూడోది పాలమూరు పిల్లల కోసం.

బాలానగర్ సీతాఫలం వాళ్లకు గర్వం కాబట్టి ఆకు, గింజ సారం చేస్తామని వస్తారు. డీపీపీహెచ్‌లో ఆకు సారం చక్కగానే పనిచేస్తుంది. కానీ సీతాఫలం కుటుంబపు మొక్కల్లో ఎసిటోజెనిన్లు ఉంటాయి, ఇవి మైటోకాండ్రియాలో శక్తి తయారీకి కావలసిన కాంప్లెక్స్ 1 అనే ఎంజైమ్‌ను ఆపేస్తాయి. కరీబియన్‌లోని గ్వాడలూప్ దీవిలో మామూలు మందులకు లొంగని పార్కిన్సన్స్ లాంటి జబ్బు ఎక్కువగా కనిపించడంతో పరిశోధకులు 1999లో ఆ సంగతి ప్రచురించారు. అక్కడివాళ్లు బాగా వాడే లక్ష్మణఫలం జాతి పండ్లు, ఆకుల కషాయాల మీద అనుమానం పడింది. లక్ష్మణఫలంలోని అనొనాసిన్ న్యూరాన్లను చంపుతుందని తర్వాత లాబ్‌లో చూపించారు. సీజన్‌లో మనం తినే నాలుగు సీతాఫలాలకు భయపడమని కాదు. గింజలు, ఆకులు గాఢంగా వండి తీసిన సారం సంగతి వేరు. ఒకే సారం డీపీపీహెచ్ ట్యూబులో యాంటీఆక్సిడెంట్, న్యూరాన్‌కు విషం కావచ్చు. ఈ ఒక్క ఉదాహరణ తెలిస్తే నా దగ్గరికి వచ్చే కాగితాల్లో సగం వాక్యాలు మారిపోవాలి.

సారం తీయడం

కాయలు కడిగి, తుడిచి, తొక్క తీసి సన్నగా తరగండి. తెల్లని లోపొర గీకి పారేయొద్దు, హెస్పెరిడిన్ అక్కడ బాగా ఉంటుంది. ఫ్యాన్ కింద నీడలో, పలుచని గుడ్డ మీద ఆరబెట్టాలి. మే నెలలో నల్లగొండ డాబా మీద పెడితే ఒక్క పూటలో పెళపెళలాడతాయి నిజమే, కానీ ఆ ఎండకు రంగు మారి గోధుమ వన్నెకు వస్తాయి. ఓవెన్ ఉంటే 40 డిగ్రీలు దాటనివ్వకండి. విరిస్తే టక్కున విరిగేంత ఎండాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, జార్ వేడెక్కకూడదు. జల్లెడ పట్టి గాలి చొరని సీసాలో పెట్టండి.

ద్రావణిగా 70 శాతం ఇథనాల్ మంచిది. కాలేజీకి ఇథనాల్ తెప్పించాలంటే ఎక్సైజ్ పర్మిట్ తతంగం ఉంటుంది కాబట్టి చాలాచోట్ల మిథనాల్‌తో కానిచ్చేస్తారు. మిథనాల్ తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. ఆవిరి పీల్చడం కూడా మంచిది కాదు. కిటికీలు తెరిచి, మంట ఏదీ దగ్గర లేకుండా పనిచేయండి. ఆ సారాన్ని "కొంచెం చప్పరించి చూద్దాం" అనే పిల్లాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు, వాడి మీద కన్నేసి ఉంచండి. నీళ్ల సారం తీయాలనుకుంటే డిస్టిల్డ్ వాటర్ తప్పనిసరి. మన బోరు నీళ్ల ఫ్లోరైడ్ కథ ఎంత పాతదంటే, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. బోరు నీళ్లలోని లవణాలు, ఇనుము మన రీడింగులను చెడగొడతాయి.

10 గ్రాముల పొడికి 100 మి.లీ. ద్రావణి పోసి, మూత పెట్టి, సీసాకు అల్యూమినియం రేకు చుట్టి, ఒక రోజంతా ఉంచండి. మధ్యమధ్యలో కుదుపుతూ ఉండాలి. వాట్‌మన్ 1 నంబరు కాగితంతో వడకట్టి, మిగిలిన పిప్పికి మళ్లీ ద్రావణి పోసి ఇంకోసారి తీయండి. సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో గంటలకొద్దీ ఉడికించేవాళ్లున్నారు. త్వరగా అవుతుంది గానీ వేడికి విటమిన్ సి లాంటివి పాడవుతాయి, మీరు ఏ సారం గురించి మాట్లాడుతున్నారో మీకే తెలియకుండా పోతుంది.

వడకట్టిన దాన్ని ముందే తూకం వేసిన చైనా డిష్‌లో పోసి 40 డిగ్రీల వాటర్ బాత్ మీద ఆవిరి చేయండి. రోటరీ ఎవాపొరేటర్ ఉంటే అదృష్టవంతులు. మిగిలేది పొడి కాదు, జిగటగా పాకంలా ఉంటుంది. అది చక్కెరల వల్ల. బరువు మారకుండా ఆగేదాకా ఆరబెట్టి, మళ్లీ తూచి, తీసుకున్న పొడిలో ఎంత శాతం సారం వచ్చిందో లెక్క కట్టండి. దీన్నుంచి 1 మి.లీ.కి 10 మి.గ్రా. చొప్పున స్టాక్ చేసి రంగు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఓపిక ఉన్నవాళ్లు ఇంకో మెట్టు ఎక్కాలి. సారంలో సగాన్ని నీళ్లలో కలిపి, సెపరేటింగ్ ఫన్నెల్‌లో ఇథైల్ అసిటేట్‌తో కుదపండి. చక్కెరలు, విటమిన్ సి, సిట్రిక్ ఆమ్లం చాలావరకు నీళ్లలోనే ఉండిపోతాయి. నోబిలెటిన్ లాంటివి పై పొరలోకి వస్తాయి. రెండు పొరలనూ వేర్వేరుగా ఆరబెట్టి పెట్టుకుంటే తర్వాతి ప్రయోగాల్లో వాటి విలువ తెలుస్తుంది.

ఊదా రంగు పోగొట్టడం

డీపీపీహెచ్ అంటే చెడిపోకుండా సీసాలో నిల్వ ఉండే రాడికల్. 1958లో బ్లాయిస్ ఈ పరీక్షను ప్రచురించాడు. మిథనాల్‌లో ముదురు ఊదా రంగులో ఉంటుంది, హైడ్రోజన్ దొరికితే లేత పసుపుగా మారుతుంది. 3.94 మి.గ్రా. తూచి 100 మి.లీ. మిథనాల్‌లో కరిగిస్తే 0.1 మిల్లీమోలార్ అవుతుంది. ధర చూసి హెచ్‌ఓడీలు జంకుతారు గానీ, ఈ లెక్కన ఒక గ్రాము సీసాతో 25 లీటర్లు చేయొచ్చు. ఏ రోజుది ఆ రోజే కలుపుకొని చీకట్లో ఉంచండి.

3 మి.లీ. డీపీపీహెచ్‌కు 1 మి.లీ. సారం కలిపి అరగంట చీకట్లో పెట్టి 517 నానోమీటర్ల దగ్గర చదవండి. స్పెక్ట్రోఫోటోమీటర్ లేకపోతే కలరిమీటర్‌లో 520 ఫిల్టర్ సరిపోతుంది. సారం లేని కంట్రోల్ రీడింగ్ 0.8కి అటుఇటుగా రావాలి. కంట్రోల్‌లోంచి శాంపిల్ తీసేసి, కంట్రోల్‌తో భాగించి, వందతో గుణిస్తే ఎంత శాతం రంగు పోయిందో వస్తుంది. ఒక్క డోసు కాకుండా ఐదారు డోసులు పెట్టి గ్రాఫ్ గీసి, సగం రంగు పోయే డోసు చదువుకోండి. దాన్నే ఐసీ50 అంటాం.

ఇక్కడ చాలామంది వదిలేసేది సారం సొంత రంగు. ప్రతి డోసుకూ డీపీపీహెచ్ లేకుండా, సారం, మిథనాల్ మాత్రమే ఉన్న ట్యూబు ఒకటి పెట్టి ఆ రీడింగ్ తీసేయాలి.

ఇంకోటి, స్టాండర్డ్‌గా పెట్టే విటమిన్ సితో మీ చేతిపనిని మీరే పరీక్షించుకోవచ్చు. ఒక విటమిన్ సి అణువు రెండు డీపీపీహెచ్ అణువులను తటస్థం చేస్తుంది. మన ట్యూబులో 0.3 మైక్రోమోల్ డీపీపీహెచ్ ఉంది. సగం పోవాలంటే 0.075 మైక్రోమోల్ విటమిన్ సి కావాలి, అంటే సుమారు 13 మైక్రోగ్రాములు. మీరు పోసిన 1 మి.లీ.లో దాదాపు అంత ఉన్నప్పుడు సగం రంగు పోవాలి. దానికి చాలా దూరంగా వస్తే డీపీపీహెచ్ పాతదో, తూకం తప్పో, పిపెట్ కారుతోందో చూసుకోండి. సారం రీడింగుల జోలికి ఆ తర్వాతే పోవాలి. ఇదే లెక్క ఇంకో మాట కూడా చెప్తుంది: డీపీపీహెచ్ ఎక్కువ పోస్తే ఐసీ50 పెరుగుతుంది. కాబట్టి ఎవరి పేపర్లోనో ఉన్న ఐసీ50ను మీ దాంతో నేరుగా పోల్చడానికి లేదు.

"మేడం, మాది విటమిన్ సి కంటే బాగా వచ్చింది!" అని ఉరుకుతూ వస్తారు. "ఎంత డోసు దగ్గర బిడ్డా?" అని అడుగుతాను. మిల్లీగ్రాము సారాన్ని పది మైక్రోగ్రాముల విటమిన్ సితో పోల్చి ఉంటారు. పైగా తొక్క సారంలోనే విటమిన్ సి ఉంది. పోయిన రంగులో దాని వాటా ఎంతో ఎట్లా తెలుస్తుంది? ఇథైల్ అసిటేట్ పొరను, నీళ్ల పొరను విడిగా పరీక్షించండి. నీళ్ల పొర బాగా పనిచేసి పై పొర నీరసంగా ఉంటే నిరాశ పడకండి. నోబిలెటిన్‌లో హైడ్రోజన్ ఇచ్చే ఫినాల్ గుంపు లేదు, డీపీపీహెచ్‌లో అది పెద్దగా పనిచేయదు. అయినా జంతువుల్లో జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా దాని వెనకే పడ్డారు. రంగు పోగొట్టేది వేరు, మెదడులో పనిచేసేది వేరు కావచ్చు.

ఫోలిన్ పరీక్షతో మొత్తం ఫినాల్స్ కూడా కొలుస్తారు, గాలిక్ ఆమ్లం స్టాండర్డ్, 765 నానోమీటర్లు. చేయండి, కాదనను. కానీ విటమిన్ సి, కొన్ని చక్కెరలు కూడా ఆ నీలం రంగు ఇస్తాయి కాబట్టి బత్తాయి తొక్కలో ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒక వాక్యం రాసి ముందుకు పోండి.

భేజాతో ప్రయోగం

ప్రాజెక్టుకు ప్రాణం ఇదే. ఇనుము, కొవ్వు, మెదడు మూడూ ఒకే ట్యూబులోకి వస్తాయి. ఖర్చు కూడా తక్కువ. మటన్ షాపులో అమ్మే మేక భేజా చాలు, దీనికోసం వేరే జంతువును చంపే పని లేదు. పొద్దున్నే వెళ్లి, అప్పుడే కోసినది తీసుకొని, ఐస్ నింపిన డబ్బాలో పెట్టుకొని రావాలి. శాకాహారం పిల్లలు "మేం ముట్టుకోం" అంటే బలవంతం చేయను, వాళ్లకు రీడింగులు, లెక్కలు అప్పజెప్తాను. కోడిగుడ్డు పచ్చసొనతో కూడా ఇదే ప్రయోగం చేయొచ్చు, కానీ అప్పుడు రిపోర్టులో మెదడు ఊసు ఎత్తకూడదు.

పొరలు, రక్తం చల్లని ఉప్పునీళ్లతో కడిగేయండి. 5 గ్రాములు తూచి, ఐస్ మీద పెట్టిన కల్వంలో 1.15 శాతం పొటాషియం క్లోరైడ్ ద్రావణం కొంచెం కొంచెంగా పోస్తూ నూరి 50 మి.లీ. చేయండి. పలుచని గుడ్డతో వడకట్టి ఐస్‌లోనే ఉంచండి. ఫెర్రస్ సల్ఫేట్ 1 మిల్లీమోలార్ ద్రావణం అప్పటికప్పుడు కలపాలి. నిన్నటిది పసుపెక్కి ఉంటుంది, పనికిరాదు.

ఒక్కో ట్యూబులో 1 మి.లీ. భేజా ద్రావణం, 0.1 మి.లీ. సారం, 0.1 మి.లీ. ఫెర్రస్ సల్ఫేట్. 37 డిగ్రీల వాటర్ బాత్‌లో ఒక గంట. తర్వాత 10 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం 1 మి.లీ. పోస్తే ప్రోటీన్లు తెల్లగా విరిగిపోతాయి. ఈ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్ వేసుకోండి. సెంట్రిఫ్యూజ్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పి, పైన తేరిన నీటిలో 1 మి.లీ. తీసుకొని, 0.67 శాతం థయోబార్బిట్యురిక్ ఆమ్లం 1 మి.లీ. కలిపి, మరిగే నీళ్లలో 15 నిమిషాలు పెట్టండి. కొవ్వు చెడిపోతే పుట్టే మాలోన్‌డైఆల్డిహైడ్ దీంతో కలిసి గులాబీ రంగు ఇస్తుంది. చల్లార్చి 532 నానోమీటర్ల దగ్గర చదవండి. గులాబీ ఎంత ముదురైతే కొవ్వు అంత పాడైనట్టు.

ఈ ప్రయోగం విలువంతా కంట్రోల్స్‌లోనే ఉంది. ఇనుము లేని భేజా ఒకటి. ఇనుము ఉండి, సారం బదులు దాని ద్రావణి మాత్రమే పోసినది ఒకటి. ద్రావణి ఎందుకంటే ఇథనాల్, డీఎంఎస్ఓ లాంటి ద్రావణులు తామే హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టుకుంటాయి. భేజా లేకుండా ఉత్త సారం ఒకటి, ఎందుకంటే చక్కెరలు కూడా థయోబార్బిట్యురిక్ ఆమ్లంతో రంగు ఇస్తాయి. ఇంకోటి అసలు ఎవరూ పెట్టరు: గంట అయ్యాక, ఆమ్లం పోశాక అప్పుడు సారం కలిపిన ట్యూబు. దాంట్లో కూడా గులాబీ తగ్గితే మీ సారం కొవ్వును కాపాడలేదు, రంగు రాకుండా అడ్డుపడింది అంతే.

పాజిటివ్ కంట్రోల్‌గా, అంటే పనిచేస్తుందని ముందే తెలిసినదిగా, ఇక్కడ విటమిన్ సి పెట్టకూడదు. ఇనుముతో కలిస్తే అది వాడిపోయిన ఇనుమును మళ్లీ ఫెర్రస్‌గా మార్చి చర్యను ఇంకా ఎగదోస్తుంది. కొవ్వును కావాలని పాడుచేయడానికి లాబ్‌లలో వాడే మిశ్రమమే ఇనుము, విటమిన్ సి. బీహెచ్‌టీ అనే కృత్రిమ యాంటీఆక్సిడెంట్ పెట్టండి. ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, విటమిన్ సి ఉన్న మన తొక్క సారం డీపీపీహెచ్‌లో మెరిసిపోయి, భేజా ట్యూబులో ఎదురు తిరగొచ్చు. ముఖ్యంగా తక్కువ డోసుల్లో కంట్రోల్ కంటే ముదురు గులాబీ వస్తే "ప్రయోగం పాడైంది మేడం" అని పారబోయకండి. మూడేసి ట్యూబులతో మళ్లీ చేసి అట్లాగే వస్తే అదే మీ ఫలితం. గులాబీ తగ్గినా వెంటనే పొంగిపోవద్దు. సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టేసుకొని ఉండొచ్చు, పీహెచ్ కూడా మారి ఉండొచ్చు. అంతే పులుపున్న సిట్రిక్ ఆమ్లంతో ఒక ట్యూబు పెడితే తేలిపోతుంది.

కణాల దాకా వెళ్లాలనుకుంటే

దీనికి లామినార్ ఫ్లో (క్రిములు లేని గాలి వీచే పని అర), 5 శాతం కార్బన్ డైఆక్సైడ్ ఇంక్యుబేటర్ కావాలి. డిగ్రీ కాలేజీల్లో ఉండవు. ఎమ్మెస్సీకి నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీకో, పాలమూరు యూనివర్సిటీకో, హైదరాబాద్‌కో వెళ్తారు కదా, అప్పుడు పనికొస్తుందని క్లుప్తంగా చెప్తాను.

మామూలుగా వాడేది ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే కణాలు. ఇవి న్యూరాన్లు కావు, నాలుగేళ్ల పాప ఎముక మజ్జలోని న్యూరోబ్లాస్టోమా కాన్సర్ నుంచి వచ్చిన కణజాతి. మన దేశంలో పుణెలోని ఎన్‌సీసీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్) నుంచి తెప్పించుకోవచ్చు. ముందు సారం ఒక్కటే పోసి ఏ డోసు విషమో చూడాలి, సీతాఫలం సంగతి ఇక్కడే బయటపడుతుంది. తర్వాత విషం కాని డోసు కొన్ని గంటల ముందు ఇచ్చి, ఆ మీడియం (కణాలు పెరిగే ద్రవం) తీసేసి, కణాలను కడిగి, అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయాలి. కడగకపోతే సారం బయటే పెరాక్సైడ్‌ను తినేస్తుంది, కణానికి దెబ్బే తగలదు. కడిగాక కూడా కణాలు బతికితే సారం కణం లోపల ఏదో మార్చిందన్న మాట. ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్‌ను కదిలించి కణం తన సొంత రక్షణ ఎంజైములను పెంచుకునేలా చేసిందేమో వెతకాల్సింది అప్పుడే.

బతికిన కణాలను ఎమ్‌టీటీతో లెక్కపెడతారు, 570 నానోమీటర్లు. ఇది పసుపు రంగు పదార్థం, బతికున్న కణాలు దీన్ని ఊదాగా మారుస్తాయి. మన సారాలు కణాలు లేకపోయినా ఎమ్‌టీటీని ఊదాగా మార్చగలవు. ప్లేటులో కణాలు లేని గుంతల్లో సారం, ఎమ్‌టీటీ కలిపి చూడకుండా ఇచ్చిన గ్రాఫును నమ్మకండి. కొన్ని పాలీఫినాల్స్ మీడియంలో తమంతట తామే ఆక్సీకరణం చెంది పెరాక్సైడ్ తయారుచేస్తాయి కూడా.

రిపోర్టులో ఏం రాయాలి

చేసింది మాత్రమే రాయాలి. "బత్తాయి తొక్క ఇథనాల్ సారం డీపీపీహెచ్‌ను ఫలానా ఐసీ50తో తటస్థం చేసింది. మేక మెదడు ద్రావణంలో ఇనుము వల్ల కొవ్వు చెడిపోవడాన్ని ఫలానా డోసులో ఇంత తగ్గించింది." లేదా పెంచింది. అంతే. "న్యూరోప్రొటెక్టివ్" (నరాల కణాలను కాపాడేది) అనే మాట టైటిల్‌లో పెట్టాలని పిల్లలు చాలా పట్టుబడతారు. కణాల ప్రయోగం లేకుండా నేను సంతకం పెట్టను.

అల్జీమర్స్ గురించి చర్చలో ఒక పేరా రాయాలనిపిస్తే మనుషుల మీద ఏం జరిగిందో రాయండి. హెస్పెరిడిన్ పేగుల్లో బ్యాక్టీరియా చేతిలో హెస్పెరెటిన్‌గా మారి, కాలేయంలో మళ్లీ మారి, రక్తంలోకి చాలా తక్కువగా వస్తుంది. ఆ తర్వాత రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ ఉండనే ఉంది. గింకో ఆకు సారాన్ని అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,000 మందికి పైగా వృద్ధుల మీద ఏళ్ల తరబడి పరీక్షించారు. మతిమరుపు జబ్బు రావడాన్ని అది తగ్గించలేదని 2008లో తేలింది. పార్కిన్సన్స్‌లో విటమిన్ ఇ రోజుకు 2000 యూనిట్లు ఇచ్చినా జబ్బు ఆగలేదని 1993లోనే ప్రచురించారు. ఆహారాల యాంటీఆక్సిడెంట్ బలాన్ని అంకెల్లో చూపే ఓరాక్ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకూ ఆరోగ్యానికీ సంబంధం తేలలేదని, కంపెనీలు వాటిని అమ్మకాలకు వాడుకుంటున్నాయని కారణం చెప్పింది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "మరి ఇది తింటే మెదడుకు మంచిదా?" అని తప్పకుండా అడుగుతారు. "మా ప్రయోగం ఆ ప్రశ్నకు జవాబివ్వదు సర్" అని చెప్పండి. మార్కులు తగ్గిస్తారని టెన్షన్ పడకండి, నాకు తెలిసి ఆ జవాబుకు ఎవరూ తగ్గించలేదు.

మిగిలిన మిథనాల్, డీపీపీహెచ్ ద్రావణాలు సింక్‌లో పోయకుండా లేబుల్ వేసిన వేస్ట్ సీసాలో పోసి లాబ్ అసిస్టెంట్‌కు అప్పజెప్పండి. మిగిలిన సారం సీసా మీద మొక్క పేరు, తేదీ, ద్రావణి, మీ హాల్‌టికెట్ నంబరు రాసి ఫ్రిజ్‌లో వెనక అరలో పెట్టండి. వచ్చే ఏడాది జూనియర్లు మీ అంకెలు సరిచూడాలంటే అదే కావాలి.